మంగళవారంలో ఆగిన బస్సు

ఆదోని బస్టాండులో ముప్పై ఒక్క ఏళ్లు కంట్రోలరుగా కూర్చుని, మైకులో ఊర్ల పేర్లు ఎవరికీ అర్థం కాకుండా చదివి చదివి ఉచ్చీరప్ప రిటైరయ్యాడు. రిటైరైన మనిషి భజన మండలిలో చేరాలని, లేదా మనవళ్లకు నీతికథలు చెప్పాలని లోకం అనుకుంటుంది. ఉచ్చీరప్పకు గొంతు లేదు. నీతి మీద పెద్ద నమ్మకమూ లేదు. ఏ బండి ఏ రోజు ఎన్ని గంటలకు కదిలింది అన్నది తప్ప ఆయనకు వేరే విద్య రాదు. అరవై ఎనిమిదో ఏట ఆ విద్యకే గిరాకీ వచ్చింది, అదీ ఒక బొమ్మల పుస్తకం దగ్గర.

ఆ పుస్తకం పేరు ‘వెనక్కి పోయే బండి’. రెండు నెలలకొక సంచిక. కథ రాసేది విఘ్నేష్, ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఇంటి పిల్లవాడు. బొమ్మలు వేసేది ఎమ్మిగనూరు సాయిశ్రీ. అందులో జయరాం అనే కండక్టరుకు ఒక ఎర్ర బస్సు ఉంటుంది. చేతిలోని డ్యూటీ షీటు మీద ఏ తేదీ రాస్తే బస్సు ఆ తేదీలోకి పోతుంది. పోయినప్పుడల్లా ఏదో ఒకటి చెడగొట్టుకుని వస్తాడు. మళ్లీ బాగు చేయడానికి ఇంకో సంచిక.

ఇలాంటి కథకు శత్రువు పాత సంచికే. మూడో సంచికలో పారేసుకున్న టిక్కెట్టు పన్నెండో సంచికలో జేబులోంచి తీస్తే, చదివేవాడు ఊరుకోడు. నాలుగో సంచికలో ఆదోని నుంచి ఉరుకుంద జాతరకు పోయే బస్సు కోసిగి మీదుగా పోయిందని చూసి ఉచ్చీరప్ప ఊరుకోలేదు. పోస్టుకార్డు రాశాడు. “మీ జయరాం కాలంలో యాడికైనా పోనీ, రోడ్డు మీద మాత్రం రూటు ప్రకారం పోవల్ల.” విఘ్నేష్ ఆ కార్డు పట్టుకుని వెతుక్కుంటూ వచ్చి, ఐదో సంచిక నుంచి ఆయన్ను లెక్క చూసే మనిషిగా పెట్టుకున్నాడు.

ఉచ్చీరప్ప ఒక పొడుగాటి రిజిస్టరు కొన్నాడు. సంచిక, పేజీ, బొమ్మ, తేదీ, టైము, ఎవరు, చేతిలో ఏముంది అని గళ్లు గీశాడు. వెనక అట్ట మీద ఒక ప్రకటన కూడా వేయించాడు: ‘ఇందులో తప్పు పట్టినవారికి ఉరుకుందకు రానూపోనూ బస్సు టిక్కెట్టు మా ఖర్చు.’ ఆ టిక్కెట్టు ఇంతవరకు ఎవరికీ దక్కలేదు. తప్పులు లేక కాదు, ఉచ్చీరప్ప ఒప్పుకోక. ఒకసారి కైరుప్పల నుంచి ఒకాయన రాశాడు. ఏడో సంచికలో మా ఊరి జాతర పిడకల కొట్లాటలో జయరాంకు ఎడమ కనుబొమ్మ మీద దెబ్బ తగిలింది, పదో సంచికలో మచ్చ కుడివైపు ఉంది, టిక్కెట్టు పంపండి అని. ఉచ్చీరప్ప వెంటనే జవాబు రాశాడు: “ఆ బొమ్మ డ్రైవరు అద్దంలో కనిపించేది. అద్దంలో కుడి ఎడమలు తారుమారవుతాయని మీకు తెలిసే ఉంటుంది.” పదకొండో సంచికలో సాయిశ్రీ చేత బస్సుకు కొత్త అద్దం గీయించి, దాని గురించి డ్రైవరు చేత గొప్పలు చెప్పించాడు కూడా. పాఠకులు ఆహా ఎంత ముందుచూపు అనుకున్నారు. పెద్దమనుషుల ముందుచూపు చాలామటుకు ఇట్లాగే తయారవుతుంది.

ఈ సంవత్సరం ఇరవై నాలుగో సంచికతో కథ ముగించేయాలి. ముడి బిగుసుకుంది అక్కడే. మొదటి సంచిక మూడో పేజీలో, వలస పోయే కోసిగి జనంతో నిండిన బస్సులో, మంకీ టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన ఎనిమిదేళ్ల జయరాం చేతిలో ఒక ఈల పెడతాడు. ఆ ఈల వల్లే వాడు కండక్టరవుతాడు. ఆ ముసలాయన ఎవరు? జయరామే, ముసలివాడై తిరిగొచ్చాడు అని పాఠకులందరూ ఎప్పుడో కనిపెట్టేశారు. విఘ్నేష్ కూడా అదే అనుకుని మొదలుపెట్టాడు. కానీ రెండో సంచికలో, తెలివి ఎక్కువై, ఒక నియమం పెట్టాడు: ఒక మనిషి ఒకే తేదీలో ఇద్దరుగా ఉండకూడదు, ఉంటే బస్సు మాయమైపోతుంది. ముగింపును పెట్టెలో పెట్టి తాళం వేసి తాళంచెవి బావిలో వేశాడన్నమాట.

“నియమం కొంచెం సడలిద్దాం సార్, ఆఖరి సంచికే గదా,” అన్నాడు విఘ్నేష్.

“అచ్చయిందంటే జరిగినట్టే. జరిగినదాన్ని మార్చేకి జయరాంకే చేతగాలే, నీకు అవుతుందా?” అన్నాడు ఉచ్చీరప్ప.

చివరికి విఘ్నేష్ ఒక దారి చూశాడు. బస్సూ, జాతరా, ఈలా, అంతా జయరాంకు వచ్చిన కల. సాయిశ్రీ ఆ పేజీలు గీస్తూ నాలుగు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. శనివారం ఎమ్మిగనూరు ప్రెస్సుకు ఇవ్వాలి.

అంతకు ముందు సోమవారం ఉచ్చీరప్పకు ఫోను వచ్చింది.

“సారూ, నేను కోసిగి సుంకమ్మను. మీ తొమ్మిదో పుస్తకంలో తప్పుండాది.”

“యేం తప్పమ్మా?”

“ఈల ఇచ్చిన పొద్దు బస్సు మంగళారం రాత్రి పన్నెండూ ఇరవైకి కదిలినాదని రాసినారు. కోసిగోళ్లు మంగళారం బస్సెక్కరు.”

“ఎక్కినారు కాబట్టి రాసినాం. రెండువేల మూడులో జరిగిందే అది. కోసిగికొచ్చి ఆ స్పెషల్ బండి కాడ చార్టు పట్టుకొని నిలబడింది నేనే.”

“బండి లోపల కూసున్యాది నేను,” అంది సుంకమ్మ.

ఉచ్చీరప్ప మళ్లీ చేస్తానని చెప్పి పెట్టేశాడు. చేయలేదు. తొమ్మిదో సంచికకు ఆ సంగతి ఇచ్చింది తనే. పదకొండు గంటలకు కదలాల్సిన బస్సు, కారణం తెలియకుండా గంటా ఇరవై నిమిషాలు నిలిచిపోయింది. విఘ్నేష్ దాన్ని కాలంలో పడిన చిల్లు అని రాసి, పాఠకుల చేత చప్పట్లు కొట్టించుకున్నాడు. రెండు రోజులు ఉచ్చీరప్పకు అన్నం సయించలేదు. అద్దం ఎక్కడ పెట్టాలో తోచలేదు. బుధవారం ఉదయం, ఆ మనిషి చేత నేనే పొరబడ్డాను అనిపించుకుందామని కోసిగి బస్సెక్కాడు.

సుంకమ్మ ఇంటి ముందు గోనెసంచులు, గిన్నెల మూట, చుట్టిన చాపలు ఉన్నాయి. మిరపకాయ కోతలకు గుంటూరు వైపు పోవడానికి సర్దుతున్నారు. ఆమెకు ముప్పై నాలుగేళ్లు ఉంటాయి. మూటలో పైనే ‘వెనక్కి పోయే బండి’ సంచికలు, రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. ఉరుకుంద జాతరలో కొన్నదట. గుడిసెల కాడ సాయంత్రాలు ఏం తోస్తుంది, ఇవే మళ్లీ మళ్లీ చదువుకుంటాం అని చెప్పి కుర్చీ వేసింది.

“ఎప్పుడు పోతాండారు?” అన్నాడు ఉచ్చీరప్ప.

“రేపు. నిన్ననే పోవల్లుండె. మంగళారమని ఆగినాం.”

ఆయన తన పాత జేబు డైరీ తీసి చూపించాడు. “సూడమ్మా. నా సేతిరాత. మంగళవారం, కోసిగి స్పెషల్, పన్నెండూ ఇరవై.”

సుంకమ్మ డైరీ చూడలేదు. ఆయన మొహం చూసింది. “ఆ పొద్దు బస్సు ముందర టైరు కాడ ఒక ముసలామె కూసున్యాది, గ్యాపకం ఉండాదా?”

ఉచ్చీరప్పకు బాగానే జ్ఞాపకం. ఆకూ వక్కా నములుతూ, బండికి అడ్డంగా, ఇంట్లో అరుగు మీద కూర్చున్నట్టు కూర్చుంది. లెమ్మంటే, “నా మీంచే పోనీప్పా, తొందరుంటే” అంది. డ్రైవరు ఇంజను ఆపేసి బీడీ కాల్చుకున్నాడు.

“మా అవ్వ చౌడమ్మ. మంగళారం ఊరిడిస్తే పోయినోళ్లు తిరిగి రారని ఆమె పట్టు. మీరేమో ఆ పొద్దే బండి పెట్టినారు. పోకపోతే కూలి మేస్త్రీ వేరేవాళ్లను ఎక్కిస్తాడు. అందుకని టైరు కాడ కూసున్యాది. పన్నెండు దాటినాంక, ఇంక బుదారం వచ్చినాది, ఎక్కండి అనె.” సుంకమ్మ నవ్వింది. “మేం బుదారం పోయినాం సారూ. మీరే మంగళారంలో మిగిలిపోయినారు.”

ఉచ్చీరప్ప డైరీ మూసి మళ్లీ తెరిచాడు. డిపోలో రోజు పన్నెండింటికి ముగియదు. ఆ రోజు ఆఖరి బండి కదిలేదాకా, ఎంత పొద్దుపోయినా, అది ఆ రోజు డ్యూటీయే. ముప్పై ఒక్క ఏళ్లు ఆయన అట్లాగే రాశాడు, అట్లాగే బతికాడు. పన్నెండూ ఇరవై అంటే తేదీ మారిపోయిందన్న సంగతి చిన్నపిల్లలకు కూడా తెలుసు. కాలానికి కాపలా ఉండే మనిషికి తట్టలేదు. డైరీలో ఆ వరుస చివర ఇంకో మాట ఉంది: ‘ఆలస్యం – ప్రయాణికుల అలసత్వం.’ దాని మీద బొటనవేలు పెట్టి కప్పేశాడు. సుంకమ్మ అప్పటికే చదివింది.

“అలసత్వమా?” అంది. టీ తెచ్చింది.

కోసిగి నుంచి నేరుగా ఎమ్మిగనూరు బస్సెక్కాడు. సగం దూరం పోయాక ఆయన వీపు నిటారుగా లేచింది. ఒకే బస్సు. కండక్టరు షీటు ప్రకారం మంగళవారం. అవ్వ లెక్క ప్రకారం బుధవారం. ముసలి జయరాం వచ్చేది షీటు మీది తేదీతో. చిన్న జయరాం కూర్చున్నది అవ్వ చెప్పిన రోజులో. ఇద్దరూ ఒకే సీటులో ఉన్నా ఒకే తేదీలో లేరు. నియమం చెక్కుచెదరదు. ఈల చేతులు మారుతుంది. కల అక్కర్లేదు.

సాయిశ్రీ ఇంట్లో నేల మీద కల పేజీలు పరిచి ఉన్నాయి. విఘ్నేష్ వాటి మధ్య బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఉచ్చీరప్ప విషయం చెప్పాడు. సుంకమ్మ పేరు మాత్రం చెప్పలేదు.

సాయిశ్రీ కల పేజీలన్నీ ఒక కట్టగా చేసి, చేతులు తుడుచుకుంది.

“ఇంత మాట ఇన్నేళ్లు యాడ దాసిపెట్టినారు సార్?” అంది.

“అప్పటినుంచీ అనుకున్నదే అందాం,” అన్నాడు విఘ్నేష్. “తొమ్మిదో సంచికలో మంగళవారం అని కావాలనే వేసినామని సార్ ఒక పేజీ రాస్తే, జనం కాళ్లకు మొక్కుతారు. అద్దం కంటే పెద్దది ఇది.”

అది నిజమే. ఆ పేజీ ఎట్లా మొదలవుతుందో కూడా ఉచ్చీరప్పకు అప్పుడే తెలిసిపోయింది. తప్పని తెలిసేది ఒక్క మనిషికి. ఆమె రేపు గుంటూరు పోతుంది. ఆయన సత్యహరిశ్చంద్రుడేమీ కాదు, అద్దం అమ్మిన మనిషి. కానీ టైరు ముందు కూర్చున్న ముసలామె గంటా ఇరవై నిమిషాలు కష్టపడి బుధవారాన్ని సంపాదించింది. దాన్ని ఒకసారి అలసత్వం అని రాసేశాడు. ఇప్పుడు తన ముందుచూపు అని రాస్తే, అదే బస్సును రెండుసార్లు ఎత్తుకుపోయినట్టు.

“కావాలని కాదు,” అన్నాడు. “నాకు తెలీక వేసినా. కోసిగి సుంకమ్మ పట్టింది. ఆయమ్మ ఆ బస్సులో ఉండింది.”

ఉచ్చీరప్ప విఘ్నేష్ ముందుకు ఒక తెల్ల కాగితం జరిపాడు.

“వెనక అట్ట మీద వెయ్యి. తొమ్మిదో సంచికలో వారం తప్పు. పట్టింది సుంకమ్మ, చేసింది ఉచ్చీరప్ప. ఆ గంటా ఇరవై నిమిషాలు చిల్లు గాదు, చౌడమ్మ. ఆయమ్మను టైరు కాడ గియ్యి సాయిశ్రీ.”

“మరి అద్దం సంగతి కూడా వేద్దామా సార్?” అంది సాయిశ్రీ.

“అది వద్దులే,” అన్నాడు ఉచ్చీరప్ప. “ఈ పొద్దుకు ఇది సాలు.”

శనివారం ప్రెస్సుకు పోవాల్సింది మంగళవారం పోయింది. సుంకమ్మ సంక్రాంతికీ రాలేదు, మిరప కోతలు ముగిశాకే వచ్చింది. ఉచ్చీరప్ప ఇరవై నాలుగో సంచిక తీసుకుని, ఉరుకుంద టిక్కెట్టుకు డబ్బులు ఒక కవరులో పెట్టుకుని కోసిగి పోయాడు.

సుంకమ్మ కవరు తెరిచి చూసి వెనక్కి ఇచ్చేసింది. “ఆడోళ్లకు బస్సు ఊరికేనే గద సారూ ఇప్పుడు. కంట్రోలరుగా చేసినారు, తెలీదా?”

తెలుసు. తట్టలేదు. ఆయనకు ఈ మధ్య తట్టనివి ఎక్కువవుతున్నాయి.

ఆమె సంచిక తెరిచి పంతొమ్మిదో పేజీ దగ్గర ఆగింది. బస్సు ముందర టైరు, దాని ముందు చేతికర్రతో చౌడమ్మ, లోపల కిటికీలో ఈల పట్టుకున్న పిల్లవాడు. చాలాసేపు చూసింది.

“బాగా గీసినారు. పొగరు అట్లే వచ్చినాది,” అంది. తర్వాత వేలు పెట్టి చూపించింది. “మా అవ్వ కట్టె ఎడమసేత్తో పట్టుకుంటాండె. కుడిసెయ్యి వాటం లేదు ఆమెకు. ఈడ కుడిసేతిలో ఉండాది.”

ఉచ్చీరప్ప నోరు తెరిచాడు. అద్దం నాలుక చివరే ఉంది. ఆ బొమ్మ ఫలానా అద్దంలో కనిపించేది అనడానికి ఒక్క నిమిషం చాలు. ఆయన నోరు మూసుకుని, సంచిలోంచి పొడుగాటి రిజిస్టరు తీసి, మోకాలి మీద పెట్టుకుని రాశాడు: ఇరవై నాలుగు, పంతొమ్మిదో పేజీ, రెండో బొమ్మ, కట్టె.

“రెండో టిక్కెట్టు కూడా రాసుకోండి సారూ,” అంది సుంకమ్మ. “అదీ ఊరికేనే.”