పవర్‌హౌస్ వేడినీళ్లు

కరెంటు తయారయ్యేది మా వాడలోనే. మా ఇళ్లల్లో మాత్రం కందిలి దీపాలే. పవర్‌హౌస్ కట్టినప్పుడు వాడ మొత్తానికీ ఉన్న ఒక్క మంచినీళ్ల బావి దాని గోడ లోపలికి పోయింది. ఇంజన్లు చల్లబడడానికి ఆ నీళ్లు కావాలన్నారు. తీగలు మా ఇళ్ల మీదుగా మిల్లుకూ, అధికారుల బంగళాలకూ వెళ్లాయి. మాకు మిగిలింది గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన గొట్టం. ఇంజన్లు తిరిగినంతసేపూ అందులోంచి వేడినీళ్లు పడేవి. కట్టెలు మిగులుతాయని సాయంత్రాలు ఆడవాళ్లందరం బిందెలు వరుస పెట్టేవాళ్లం.

నా కూతురికి అప్పుడు మూడో నెల. చలికి ముక్కు కారినా నాకు గుండె జారేది. ఆ నీళ్లతోనే స్నానం చేయిస్తానంటే పక్కింటి ముసలమ్మ బిందెలో చెయ్యి ముంచి వాసన చూసింది. మేమంతా ఆమెను ఖాలమ్మ అనేవాళ్లం.

"ఇంజను నూనె వాసన కొడ్తాంది బిడ్డా. బట్టలకైతే నడుస్తది. పసిపిల్లకు వద్దు."

"ఇంత వేడికి క్రిములన్నీ చస్తయి ఖాలమ్మా. నేను కాలేజీల చదివిన."

"చదివినవు గని, ముక్కు మూసుకొని చదివినట్టున్నవు!"

అందరూ నవ్వారు. రోషంతో నేను క్రిముల గురించి వాళ్లకు ఇంకా పెద్ద పాఠమే చెప్పాను.

వారం తిరక్కముందే పాప మెడ మడతలు పొక్కి, తోలు ఊడి, పచ్చి పుండ్లయ్యాయి. పాలు తాగడం మానేసింది. దవాఖానాలో డాక్టరమ్మ గొట్టం నీళ్లన్న మాట వినగానే మొహం చిట్లించింది. మంచి బావినీళ్లు కాచి, చల్లార్చి తుడవమంది.

పాపను భుజాన వేసుకుని పవర్‌హౌస్ గేటు దగ్గరికి వెళ్లాను. ఒక్క బిందె బావినీళ్లు ఇమ్మని ఓవర్సీరును అడిగాను.

"వేడినీళ్లు ఫుకట్‌ల ఇస్తున్నం గదమ్మా, ఇంకేం కావాలె?"

"పిల్ల మెడ చూడుండ్రి."

చూడలేదు. "నీ పిల్ల కోసం ఇంజను ఆపాల్నా?"

ఒక్క బిందెకు ఇంజను ఆగదని ఆయనకూ తెలుసు. చివరికి ఖాలమ్మే రోజూ రైలు పట్టాలు దాటి, అవతలి వాడ బావి నుంచి మంచినీళ్లు మోసుకొచ్చింది. పాప బతికింది. మచ్చలు పోలేదు.

ఇవాళ సాయంత్రం గొట్టం దగ్గర కొత్త బాలింత కనిపించింది. పసివాడికి ఆ నీళ్లు పొయ్యవద్దన్నాను.

"క్రిములు చస్తయని నువ్వే చెప్పినవట గదక్కా!"

పాప గౌను జరిపి మెడ చూపించాను. ఆమె అయ్యో అంది. బిందె మాత్రం గొట్టం కిందనుంచి తీయలేదు.