పెండ్లి హాలును కాపాడిన ప్రెషర్ స్విచ్

నేను ఇబ్రహీంపట్నంలో ఏసీలు బాగుచేస్తాను. ఎండాకాలంలో మా ఊరివాళ్లు దేవుణ్ణి తలుచుకునేదానికంటే నన్ను తలుచుకునేదే ఎక్కువ. మా వీధి భాయ్ కూతురి నిఖా నాడు, దావత్‌కని కొత్త చొక్కా తొడుక్కుని వెళ్తే, భాయ్ నన్ను గుమ్మంలోనే పట్టుకున్నాడు.

"అన్నా, ఏసీ బందైంది! మగపిల్లగాని తరఫోళ్లు లేచి పోయేటట్టున్నరు. జర చూడు!"

లోపల చుట్టాలంతా బిర్యానీ కంటే ముందే దమ్ అయ్యేలా ఉన్నారు. మూలనున్న కరెంటు పెట్టె తెరిచాను. ఎర్ర లైటు. హై ప్రెషర్ స్విచ్ మిషన్‌ను ఆపేసింది. పైపుల్లో గ్యాస్ ఒత్తిడి హద్దు దాటితే అది చేసే పని అదే. మనిషి బొటనవేలంత ఉంటుంది, పంతం మా అత్తగారంత. మళ్లీ ఆన్ చేశాను. మళ్లీ ఆపేసింది.

"డైరెక్ట్ చెయ్యన్నా, వైరు ముక్క కలిపితే అయిపాయె!" అన్నాడు భాయ్. మా ఊళ్లో ఆగిపోయిన ప్రతిదానికీ వైరు ముక్కే మందు.

డెకరేషన్ మేస్త్రీ ఇంకో వైద్యం చెప్పాడు. "జర గ్యాస్ ఇడిస్తే ఒత్తిడి తగ్గదా?"

"గోడవతల బిర్యానీ పొయ్యిలు మండుతున్నయ్. గీ మిషన్ల గ్యాస్ అంటుకునే రకం. మనల్ని గూడ వడ్డిస్తరు," అన్నాను.

"నీకు స్విచ్చెక్కువనా, నా బిడ్డ పెండ్లి ఎక్కువనా?" అన్నాడు భాయ్.

నా జేబులో వైరు ముక్క ఉంది. వేళ్లు దురద పెట్టాయి. కానీ ఒత్తిడి ఎందుకు పెరిగిందో తెలియకుండా స్విచ్ నోరు కట్టేస్తే, పైపు ఎక్కడ పగులుతుందో ఎవరికి తెలుసు? బయటి యూనిట్ చూద్దామని పక్క వాకిట్లోకి పరుగెత్తాను.

యూనిట్ మాయం! దాని చోట జరీ పరదా కప్పుకుని, బంతిపూల దండలేసుకుని రెండో పెండ్లికూతురు నిలబడి ఉంది. పక్కన కుర్చీలో భాయ్ తల్లి విసురుకుంటోంది.

"ఫోటోల మంచిగ కనిపియ్యదని పొద్దుగాల కప్పిన్రు బిడ్డా. దానికి ఊపిరాడదుర అని మొత్తుకున్న. నా మాట ఎవడింటడు?"

హాల్లోని వేడినంతా బయటికి తోసే యూనిట్‌కు ముసుగేస్తే, ఆ వేడి పోయేదెక్కడికి? నేనూ, నా వెనకే వచ్చిన మేస్త్రీ కలిసి పరదా పీకేశాం. యూనిట్ చల్లారేదాకా ఆగి స్విచ్ వేశాను. హాల్లోకి హిమాలయం దిగింది.

ఫోటోగ్రాఫర్ మాత్రం గునిసాడు. "గీ డబ్బా ఫోటోల పడ్తదన్నా."

"పడనీ! మా బావ మొకంకంటె మంచిగనే ఉంది," అన్నాడు భాయ్, నా భుజం మీద చెయ్యేసి.

నేను వెళ్లి కరెంటు పెట్టె మూత బిగించి, ఎవరూ చూడకుండా ఆ స్విచ్‌కు దండం పెట్టుకున్నాను. నేను మళ్లీ ఆన్ చేసినప్పుడు అది నా మాట వినుంటే ఏమయ్యేదో! తిరిగొచ్చేసరికి భాయ్ తన తల్లి కుర్చీని హాల్లో చల్లగాలి సూటిగా తగిలే చోటికి మోసుకొస్తున్నాడు. ఆమె కొంగు చెవుల మీదికి లాక్కుంది.

"చాల్తియ్ బేటా, సలిపెడ్తుంది. ఆ పరదా ఇటు తే, కప్పుకుంట."