ఖాళీ సీసా పంపకూడదని

సీసాల బాబాయిగారు పోయారు. సోమవారం పొద్దున్న ఆయన్ని తిప్పే జీపు డ్రైవరు మా టీ కొట్టు దగ్గర ఆగి, "రాత్రి గుండెపోటండి. ఆసుపత్రికి చేరకుండానే పోయేరండి" అన్నాడు. పాలు పొంగుతున్నాయి, మంట తగ్గించాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

మలికిపురం కాలువ గట్టున టీ తాగినవాళ్ళు ఆయన్ని చూసే ఉంటారు. నెలనెలా కాలువలో, గోదారి పాయలో, సముద్రం ఒడ్డున నీళ్ళు పట్టి ల్యాబుకి పంపే ఉద్యోగం. మెట్లు దిగి, సీసాని ఆ నీళ్ళతోనే కడిగి, దిగువకి పారబోసి, అప్పుడు పట్టేవారు. ఆ సీసాలు పెట్టుకునే ఐసు పెట్టె చూస్తే కొట్టు దగ్గర జనం ఊరుకుంటారా?

"పులస పడిందాండీ బాబాయిగారూ?"

"ఆయ్, పడిందండి. నిన్న మీరు కాలవలో పడేసిన ప్లాస్టిక్ కవరేనండి."

ఒకసారి ఆయన టీ తాగుతుంటే మా అత్తగారు ఆ ఖాళీ సీసాల నిండా కొబ్బరినీళ్ళు పోసేశారు. మా ఇంట్లోంచి ఎవరి గిన్నే ఖాళీగా తిరిగి వెళ్ళదు మరి. అవేమో ల్యాబులో శుభ్రం చేసిన సీసాలు. ఇక ఆ పూటకి పనికిరావు.

"అక్కగారూ, మీ కాలవ ఇంత తియ్యగా ఉంటే నాకీ ఉద్యోగం ఎందుకండీ?" అని, ఆ కొబ్బరినీళ్ళు తాగేసి, మర్నాడు వేరే సీసాలతో మళ్ళీ వచ్చారు.

రొయ్యల చెరువుల నీళ్ళు కలుస్తున్నప్పట్నుంచి ఆయన్ని అడక్కుండా కాలువ నీళ్ళు టీకి వాడను. ఎలాగూ మరిగిస్తాం కదండీ అంటే, "మరిగిస్తే పురుగు చస్తుందమ్మా. ఉప్పు చావదు, మందు చావదు" అనేవారు. పోయినసారి నీళ్ళు పట్టుకెళ్తూ, "నేను కబురు చేసేదాకా డబ్బా నీళ్ళే వాడు" అన్నారు.

చావు కబురు విన్న ఆ పూట డ్రైవరుని అడగాల్సిన మాట కాదేమో, నా నోట్లోంచి అదే వచ్చింది. "మన నీళ్ళ సంగతి ఏమన్నా చెప్పేరాండీ?"

"నిన్న సాయంత్రమే చెప్పేరండి. నీళ్ళు ఇంకా బాగోలేవంటండి. టీ కొట్టు అమ్మాయికి మర్చిపోకుండా చెప్పమన్నారండి."

సరేనని డబ్బా నీళ్ళే పొయ్యి మీద పెట్టాను. ఆయన మా అలమరలో వదిలేసిన సీసా ఒకటి గుర్తొచ్చి డ్రైవరుకి ఇవ్వబోయాను. అత్తగారు చేతిలోంచి లాక్కుని, బొండం కొట్టి నింపి, మూత బిగించారు.

"ఖాళీది ఎలా పంపుతామే? పొద్దున్నుంచీ వాళ్ళావిడ మంచినీళ్ళు కూడా ముట్టుకుని ఉండదు."

డ్రైవరు దాన్ని బాబాయిగారు కూర్చునే సీట్లో ఆనించి పెట్టాడు. జీపు గట్టు మీద గతుకుల్లో వెళ్తుంటే, మలుపు తిరిగేదాకా సీసాలో నీళ్ళు కదులుతూనే కనిపించాయి.