గాజు తొట్టెలో పట్టుబడి

2006 నవంబరు 11, రెండో శనివారం, సాయంత్రం నాలుగు గంటలు. మొన్న ఏలూరులో పళ్ళ డాక్టరు గారి గదిలో నా వంతు కోసం కూర్చుని, గోడ వారనున్న గాజు తొట్టెలో ఒక బంగారు రంగు చేప తోక విప్పుకుని తిరగడం చూస్తూ ఉండగా ఆ తేదీ, ఆ గంట నాకు మళ్ళీ గుర్తుకు వచ్చాయి. పంటి నొప్పి కూడా మర్యాదగా కాసేపు తప్పుకుంది. పాఠ్య పథకం రాసేటప్పుడు పైన తేదీ, సమయం వేయాలని బి.ఎడ్.లో మాకు నేర్పారు. ఆ రోజు పాఠానికి కూడా నేను అలాగే వేసుకున్నాను గనుక అవి మనసులో నిలిచిపోయాయి.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. తాడేపల్లిగూడెంలో ఒక చిన్న ఇంగ్లీషు మీడియం బడిలో పాఠాలు చెప్పేదాన్ని. ఆ ఏడాది కొల్లేరులో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టించినప్పుడు, మా బావగారు కౌలుకు చేస్తున్న చెరువు కూడా పోయింది. ఆయనా, అక్కా ఆకివీడులో పని వెతుక్కుంటూ ఆరేళ్ళ కూతురిని నా దగ్గర ఉంచారు. ఇంట్లో ఒక టీచరు ఉన్నదన్నది వాళ్ళ ధీమా. ఆ ధీమాను తలుచుకుంటే నాకు భయం వేసేది. పిల్ల ఇంట్లో ఏదో నాలుగు మాటలు పలికేది గానీ, బడిలో పెదవి విప్పేది కాదు. మా ప్రిన్సిపాల్ మేడమ్ మెత్తని మనిషి. మెత్తగానే చెప్పారు: "ఏవండీ టీచర్ గారూ, హాఫ్ ఇయర్లీ దాకా చూద్దామండీ. అప్పటికీ పలక్కపోతే యూకేజీలో కూర్చోబెట్టేద్దాం. మీ పిల్లని వదిలేస్తే మిగతా పేరెంట్స్ ఊరుకుంటారాండీ?" ఒకటో తరగతి నుంచి కిందికి దించిన పిల్ల, తనకు చదువు రాదని తానే నమ్మేస్తుంది. ఇల్లూ చెరువూ వదులుకున్న అక్కకు ఆ కబురు ఏ నోటితో చెప్పను?

ఒకే అనుభవాన్ని అన్ని పాఠ్యాంశాలకూ ముడిపెట్టి చెప్పాలని మేము చదువుకున్నాము. ఏలూరు ఎగ్జిబిషన్‌లో చేపల గది పెట్టారని విని, గళ్ళు గీసిన కాగితం ఒకటి సిద్ధం చేసుకున్నాను. లెక్కలకు చేపల సంఖ్య, సైన్సుకు మొప్పలు, ఇంగ్లీషుకు రంగులు, తెలుగుకు 'చ' గుణింతం. పాసింజరు రైలు ఉంగుటూరు దాటే వరకు దానిని వల్లె వేసుకుంటూనే ఉన్నాను. కిటికీ అవతల పండబోతున్న వరి, మధ్య మధ్య కాలువ నీటి మీద మెరిసి మాయమయ్యే ఎండ. పిల్ల చువ్వలకు చెంప ఆనించుకుని, తనలో తాను ఎక్కడికో పోతున్నట్టు కూర్చుంది.

చేపల గదిలో నీలం దీపాలు వెలుగుతున్నాయి. నేల మీద, మనుషుల చొక్కాల మీద, తడిక గోడల మీద నీటి నీడలు కదులుతూ ఉంటే గది మొత్తం మెల్లగా ఊగుతున్నట్టు ఉంది. బయటి రంగులరాట్నం పాట ఎక్కడో నీటి అడుగు నుంచి వినిపిస్తున్నట్టు వినిపించింది. గాజులో పిల్ల ముఖం కనబడేది. దాని బుగ్గల మీదుగా చారల చేపలు తీరికగా ఈదుకుంటూ పోయేవి. నేను గొంతు సవరించుకుని, "ఎన్ని ఉన్నాయో చెప్పమ్మా" అన్నాను. పిల్ల చేపల వెంటే చూపు తిప్పుతోంది. "వాట్ కలర్?" అన్నాను. గాజుకు ఇంకాస్త దగ్గరగా జరిగింది. టిక్కెట్లు చింపే పెద్దాయన, "మేడమ్ గారూ, పరీక్ష తరవాత పెట్టుకోండి. వెనకాల జనం ఆగిపోయారు" అన్నాడు. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను.

అప్పుడు పిల్ల తల ఎత్తి, గది మొత్తానికి వినబడేలా ఆయననే అడిగింది: "ఏవండీ, దీనికి పట్టుబడి ఎప్పుడండీ?"

చెరువుల దగ్గర పుట్టిన పిల్ల అది. పెంచిన చేపను వల వేసి తీసే రోజును అక్కడ పట్టుబడి అంటారు; ఏడాది కష్టం అంతా ఆ రోజు కోసమే.

పెద్దాయన నవ్వాడు. "ఇవి కూరకి కాదు తల్లీ, చూడ్డానికి."

"చూడ్డానికి మేత ఎందుకండీ దండగ?"

"చూసినందుకు మీ పిన్ని టిక్కెట్టు కొంది కదా!"

పిల్ల వెనక్కి తిరిగి వరసలో ఉన్న వాళ్ళను చూసింది. "అయితే మీకు రోజూ పట్టుబడే!"

వెనకాల ఆగిన జనం గొల్లున నవ్వారు. ఆ నవ్వుకు పిల్ల బెదరలేదు. బుడగలు వదిలే గొట్టాన్ని చూపించి, "ఇంజను పెట్టారు పిన్నీ. లేకపోతే తెల్లారగట్ల గాలాడక చేపలు తేలిపోతాయి" అని నాకు చెప్పింది. తరవాత గాజు మీద అరచెయ్యి పెట్టి, గొంతు తగ్గించి, "ఈ గట్టు కూడా కొట్టేస్తారాండీ?" అని పెద్దాయనను అడిగింది. ఆయనకు మా సంగతి తెలియదు. "నేనుండగానా!" అన్నాడు. ఆ మాటకు పిల్ల ఊపిరి వదలడం దాని వీపు మీదున్న నా చేతికి తెలిసింది.

తిరుగు రైలులో అది నిద్రపోయే వరకు మాట్లాడుతూనే ఉంది. మరునాటి నుంచి మా చదువు పట్టుబడితో మొదలయింది. పలక మీద ఆ మాటనే రాయించాను. ట కింద ఒత్తు అప్పుడే వచ్చింది. వలలో పడినవి కూడికలు, జారిపోయినవి తీసివేతలు. తేలిన చేప సైన్సు. ఆకివీడు పక్కనుంచి సముద్రానికి పోయే ఉప్పుటేరు సోషల్. నెట్, ఫిన్, వాటర్ ఇంగ్లీషు. రాత్రి అన్నం దగ్గర కూడా పంచలో ఎక్కడో నీరు కదులుతున్నట్టే ఉండేది మా ఇద్దరికీ.

హాఫ్ ఇయర్లీలో మేడమ్ గారే స్వయంగా నోటి పరీక్ష పెట్టారు. ఒక బొమ్మ చూపించి, "వాట్ ఈజ్ దిస్?" అన్నారు. నేను గుమ్మం బయట నిలబడి చెవి ఒగ్గాను.

"ఫిష్ మేడమ్" అంది పిల్ల. అంతటితో ఆగక, "ఏ చేపండీ? బొచ్చా, శీలావతా?" అని అడిగింది.

మేడమ్ గారు చేప ముట్టని ఇంటివారు. "ఏదో ఒకటి లేమ్మా" అన్నారు.

"ఏదో ఒకటంటే రేటెలా కడతారండీ?"

మేడమ్ గారు కళ్ళజోడు తీసి, నవ్వుతో వచ్చిన కళ్ళనీళ్ళు తుడుచుకున్నారు. "ఈ పిల్లని యూకేజీలో కూర్చోబెడితే ఆ టీచరు గతేం కానండీ?" అన్నారు నాతో.

పిల్ల ఒకటో తరగతిలోనే ఉండి, వేసవి తరవాత రెండుకు వెళ్ళింది. బావగారు మళ్ళీ చెరువు చేయలేదు. ఆకివీడులో మేత దుకాణంలో కుదురుకున్నారు. నేను మాత్రం ఆ ఏడాది నుంచి, కొత్తగా చేరిన పిల్లలను పుస్తకం తెరవక ముందే, మీ ఇంట్లో ఏం పని చేస్తారని అడగడం మొదలుపెట్టాను. ఏటేటా ఆ జవాబులు మారుతూ వస్తున్నాయి. కాలం ఎటు నడుస్తున్నదో నాకు వాటి ద్వారానే తెలుస్తూ ఉంటుంది.