ఎదురుకాళ్ల నాగేశ్వరి

నాగేశ్వరి ఎదురుకాళ్లతో పుట్టింది. తల కాక కాళ్లు ముందు బయటపడినవాళ్లు తొక్కితే నడుము పట్టు వదులుతుందని మనవాళ్ల నమ్మకం. కొండాపూర్ పాత ఊరి సందులో, ఆదివారం పొద్దున ఆమె ఇంటి ముందు చాప పరిచి ఉండేది. వారమంతా మా ఆఫీసులో నేల తుడిచేది. స్కానింగులు తీయించుకుని ఆ ఫిల్ములు బీరువాలో దాచుకునే మా ఇంజినీర్లు, ఎవరి కంటా పడకుండా వెళ్లి ఆ చాప మీద బోర్లా పడుకునేవారు. నేనూ పడుకున్నాను. తగ్గింది. ఊరికే ఉన్నా తగ్గేదేనేమో, అయినా కాఫీ పొడి ప్యాకెట్ ఇచ్చి వచ్చాను.

ఆమె చెల్లెలు రేఖ భర్త మహేశ్ ఏసీలు బిగించేవాడు. నల్లగండ్లలో ఒక అపార్టుమెంటులో నిచ్చెన మీంచి జారి పిర్రల మీద కూలబడ్డాడు. లేచి బండి నడుపుకుంటూ ఇంటికి కూడా వచ్చాడు. తెల్లారేసరికి నడుము నుంచి రెండు కాళ్లలోకి కరెంటు పాకినట్టు మంట, పాదాలు తిమ్మిరి. రేఖ దవాఖానకు పోదామంది. ఇంట్లో వదినె ఉండగా దవాఖాన ఎందుకన్నాడు.

నాగేశ్వరి ఎప్పటిలాగే మూడుసార్లు తొక్కింది. మూడోసారి అతను అరవలేదు. నొప్పి వదిలిందనుకుని ఆమె సంతోషపడింది.

అతను దాచిన సంగతి ఒకటుంది. ముందురోజు సాయంత్రం నుంచి మూత్రం రాలేదు. కూర్చునే చోట స్పర్శ లేదు. వదినె ముందు ఆ మాట ఎలా అంటాడు? పెళ్లాంతో కూడా అనలేదు. ఆ సిగ్గును తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మర్నాడు కడుపు ఉబ్బి విలవిలలాడితే తీసుకెళ్లారు. డాక్టరు విడమరిచి చెప్పాడట. పడ్డాక నడుము నొప్పి కండరం బెణికినా వస్తుంది, వెన్నుపూస విరిగినా వస్తుంది. జారిన డిస్కు గానీ, లోపల చేరిన రక్తం గానీ నరాలను నొక్కినా వస్తుంది. కాళ్లు తిమ్మిరెక్కి మూత్రం ఆగితే మాత్రం ఇంట్లో కూర్చోకూడదు, వెంటనే రావాలి. మహేశ్‌కు జారిన డిస్కు నరాల కట్టనంతా నొక్కేసింది. ఆపరేషన్ అప్పటికప్పుడే చేశారు గానీ అప్పటికే ఆలస్యమైపోయింది, ఎడమ పాదానికి స్పర్శ మళ్లీ రాలేదు.

నాగేశ్వరి ఒక్కటే అడిగింది: “నా కాలు పడ్డందుకేనా సారూ?”

“పడ్డప్పుడే జారి ఉండొచ్చమ్మా. తొక్కినందుకు ఇంకా జారిందో లేదో నేను చెప్పలేను.”

అవునని ఉంటే ఏడ్చి ఊరుకునేది. కాదని ఉంటే బతికిపోయేది. ఆ ‘చెప్పలేను’ ఆమెను దయ్యంలా పట్టుకుంది. నేల తుడుస్తూ తుడుస్తూ ఆగి కుడికాలు ఎత్తి చూసుకుంటుంది. ఆఫీసులో ఇచ్చిన బూట్లు ఇంట్లో కూడా విప్పదు.

“మెత్తగ ఏదో జారినట్టయింది మేడం, కాలు కింద,” అంది ఒకరోజు. “నిజంగ అయిందా, నేనే అనుకుంటున్ననా, తెలుస్తలేదు. పడుకున్నా గదే.”

చాప ఎత్తేసింది. అయినా జనం వస్తారు. వచ్చినవాళ్లను మూత్రం సాఫీగా వస్తుందా అని సందంతా వినబడేలా అడుగుతుంది. వాళ్లు సిగ్గుపడి తిరిగిపోతారు.

మొన్న ఆదివారం నేను అక్కడే ఉన్నాను. మహేశ్ కర్ర పట్టుకుని, ఎడమకాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. మూల నిలబెట్టిన చాప తనే పరుచుకుని బోర్లా పడుకున్నాడు.

“ఇంకొక్కసారి తొక్కు వదినె. అప్పుడు నేను బిగబట్టుకున్న, అందుకే పట్టలే. ఈసారి నరం దాని చోటికి ఎక్కుతది.”

అతనికి ఆమె మీద కోపమే లేదు. తిట్టినా బాగుండేది. నాగేశ్వరి బూట్లు విప్పింది. వద్దని నేను లేచాను. ఆమె అతని నడుము వైపు వెళ్లలేదు. అతని ఎడమ అరికాలి మీద తన పాదం ఆనించి, కన్నీళ్లు కారుతుండగా మెల్లగా బరువు మోపింది.

మహేశ్ చాపలో ముఖం పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

“కాలు పెట్టు వదినె,” అన్నాడు. “ఇంకా ఏం ఆలోచిస్తున్నవ్?”