మా అమ్మ చదివిన నవల

ఇంటర్ పరీక్షలు అయిపోయిన ఎండాకాలం నేనొక నవల రాశాను. మా గల్లీ మొత్తానికి ఒక్కరి దగ్గరే సెల్‌ఫోన్ ఉన్న రోజులవి, పొద్దు పోయేది కాదు. బొమ్మలు వేసింది పక్కింటి అబ్బాయి. ఆర్మూర్ పసుపు మార్కెట్ వెనక మా రెండిళ్లకూ ఒకటే గోడ. ఒకటో తరగతి నుంచి కలిసి చదివాం, కలిసి తన్నులు తిన్నాం.

లాంగ్ నోట్‌బుక్కులో ఎడమ పేజీ నాది, కుడి పేజీ అతనిది. రంగులకు ఇంట్లో పసుపు ఉండనే ఉంది. ఉత్తగా పూస్తే పచ్చన, సున్నం కలిపితే ఎరుపు. ఆ రెండింటితోనే లోకమంతా నడిపించేశాడు.

“అందరికి కామెర్లు అయినట్టున్నయి,” అని వెక్కిరించేదాన్ని.

“ముందుగాల నువ్వు మంచిగ రాయి,” అనేవాడు.

కథ ఇద్దరు చిన్ననాటి స్నేహితులది. సైకిళ్ల మీద భీమ్‌గల్ గుట్టల దాకా పోతారు, పోట్లాడుకుంటారు, మళ్లీ కలుస్తారు. ప్రేమించుకుంటారా లేదా అన్న చోట నా కలం ఆగిపోయింది. ఎందుకు దాచాలి, అతనంటే నాకు ఇష్టమని అప్పటికే నాకు తెలుసు. ఆ మాట కథలో రాస్తే చదవగానే పసిగడతాడు. అతనికి అలాంటి ఆలోచనే లేకపోతే? ఉన్న ఒక్క దోస్తూ పోతాడు. అందుకని, వాళ్లిద్దరూ జీవితాంతం మంచి మిత్రులుగా ఉండిపోయారని రాసి ముగించాను. రాసి కాసేపు ఏడ్చాను కూడా.

మర్నాడు నోట్‌బుక్కు తిరిగొచ్చింది. చివరి కుడి పేజీ ఖాళీ.

“బొమ్మేది?”

“గీయబుద్ధి కాలె.”

నాకు ఒళ్లు మండింది. కథ నాదా, నీదా అని అరిచాను. రెండు రోజులు మాటల్లేవు.

మూడో రోజు మధ్యాహ్నం, మేనమామ అంకాపూర్ నుంచి పంపిన పసుపు కొమ్ములు వాకిట్లో ఆరబోసి, అమ్మ నీడకు కూర్చుంది. ఊసుపోక ఆ నోట్‌బుక్కు తీసింది. అమ్మకు అక్షరం ముక్క రాదు. బొమ్మలే చూస్తూ ఒక్కో పేజీ తిప్పి, చివరికొచ్చాక నన్ను పిలిచింది.

“గీ పిలగాడు గీ పిల్లను ఎప్పుడడుగుతడే?”

“ఏమడుగుతడమ్మా? వాళ్లు దోస్తులు.”

“గట్లని ఎవలన్నరు? శురూ నుంచి గామెనే చూడవట్టె. గిన్ని బొమ్మలల్ల ఒక్కపారన్న దోవ చూసిండా?”

నోట్‌బుక్కు లాక్కున్నాను. నా రాత మీద అరచెయ్యి పెట్టి, మొదటి నుంచి బొమ్మలే చూశాను. సైకిల్ తొక్కుతూ పక్కకు చూస్తున్నాడు. బస్సొచ్చి నిలబడితే బస్సును చూడడు. పెళ్లి భోజనాల్లో విస్తరి వదిలేసి ఆమెనే చూస్తున్నాడు. ఇక ఆమె కుడి కనుబొమ్మ మీద సన్నటి గాటు. ఆ గాటు నాది, మూడో తరగతిలో పడ్డప్పటిది. నెలన్నరగా ఇదంతా నా చేతుల్లోనే ఉంది. ప్రతిసారీ నా అక్షరాల మీద పసుపు కారిందా లేదా అనే చూశాను గానీ, బొమ్మను బొమ్మగా చూసిన పాపాన పోలేదు. నా మీద నాకే సిగ్గేసింది. అంతకు మించి, చెప్పలేనంత సంతోషం.

గోడ దగ్గరకెళ్లి అతన్ని కేకేశాను. వచ్చాడు, ముఖం ముడుచుకునే.

“గీ పిలగాడు గామెను అడగాలనుకుంటుండా?”

అతను నోట్‌బుక్కు వంక చూశాడు, నా వంక చూశాడు. గోడ మీది సున్నం గోటితో గీకాడు.

“అనుకుంటుండు. ఎప్పటి సంది అనుకుంటుండో.”

“మరి అడుగుతలేడేంది?”

“ఎట్లడుగుతడు? ఉత్త దోస్తులమే అని ఆమెనే రాసె గద.”

“ఆమె అబద్ధం రాసింది,” అన్నాను. “జల్ది అడుగుమను.”