ఐరేని కుండలతో కొండగట్టు బస్సులో

కొండగట్టు వైపు ఊళ్లలో కుండల పని చూడాలని ఈమధ్య కొందరు పిల్లలు నన్ను దారి అడుగుతున్నారు. దారి చెప్తాను. దాంతోపాటు నేను పడ్డ పరేషాన్ కూడా చెప్పాలి. తెలంగాణ ఆంధ్రప్రదేశ్‌లో కలిసి ఏడెనిమిదేండ్లైన రోజులవి. చిన్నప్పుడు మా ఊరి బడిలో నాకు చదువు చెప్పిన సారు హైదరాబాద్‌లో ఒక కాలేజీకి మారాడు. ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది: జర్మనీ నుంచి పీటర్ అనే పిల్లవాడు చదువుకు వచ్చాడు, మన పెండ్లిళ్ల ఐరేని కుండల గురించి రాస్తున్నాడు, వెంట ఉండి ఒక జత ఇప్పించు అని. నేను ఏడో తరగతితో ఆగిన వ్యవసాయదారుణ్ణి. కొత్తవాళ్ల ముందు నోరు పెగలదు. కాదనడానికీ పెగలలేదు, అందుకే ఇరుక్కున్నాను.

కరీంనగర్ స్టాండులో జగిత్యాల బస్సు ఆరింటికన్నారు. ఏడుంబావుకు వచ్చింది. పీటర్ గడియారం చూడటం, పుస్తకంలో రాసుకోవడం. టికెట్టు మనిషికి రూపాయి లోపే. బస్సులో ఒక్కొక్కరే మొదలుపెట్టారు: అవ్వ బాపు ఉన్నరా, అన్నదమ్ములెందరు, జీతమెంత, పెండ్లైందా? గంటసేపు జవాబు చెప్పి అతను అలసిపోయాడు. "ఇచ్చట ప్రతివారూ నన్నెందుకు పరీక్షించుచున్నారు?" అని పుస్తకాల తెలుగులో నన్నడిగాడు. నాకూ తెలియదు. 

కొండగట్టు మలుపులో దిగి రెండు మైళ్లు నడిస్తే కుమ్మరి మల్లయ్య ఇల్లు. కుండలు తయారుగా ఉన్నాయి, తెల్లటి సున్నం మీద ఎర్ర గీతలు. పది నిమిషాల పని అనుకున్నాను. ఐరేని కుండలను పెండ్లివాళ్లు డప్పులతో వచ్చి, కుమ్మరింట్లో పూజ చేసి తీసుకుపోవడం మా దగ్గర రివాజు. మల్లయ్య భార్య లచ్చవ్వ అడ్డం నిలబడింది.

"ఉత్తగ ఎట్లిస్తం పటేలా? పెండ్లెవరిది?"

"చదువుకు..." అన్నాను.

"చదువుకో, పెండ్లికో, గవి ఐరేని కుండలు. పసుపు కుంకుమ లేక గడప దాటయి."

పసుపు తెప్పించడానికి గంట, బొట్లు పెట్టడానికి అరగంట. పైగా మల్లయ్య డప్పు కొట్టే ఎల్లయ్యను పిలిచాడు. వద్దంటే వినలేదు. పీటర్‌కు మాత్రం సంబరం, ప్రతిదీ రాసుకుంటున్నాడు. నేను రెండు కుండలు ఎత్తుకుని, తల వంచుకుని, డప్పు వెనక రెండు మైళ్లు నడిచాను. చేలల్లో మనుషులంతా లేచి చూశారు.

నా బాధ వేరే ఉంది. కరీంనగర్ దారిలోని గంగాధర ఊళ్లో రాజన్న అనే ఆయన బిడ్డతో నాకు సంబంధం ఖాయమైంది, ముహూర్తం ఇంకా పెట్టలేదు. ఒకటిన్నర బస్సెక్కేసరికి, కొండ మీద అంజన్న దర్శనం చేసుకుని వస్తున్న రాజన్న ఎదురు సీట్లోనే ఉన్నాడు.

"ఏం అల్లుడా, పెండ్లెవరిది?"

కుండలు ఒళ్లోకి లాక్కుని తల వంచుకున్నాను. వెనక నుంచి ఒక ముసలమ్మ, "సిగ్గువడుతుండు సూడు! గాయిననే పెండ్లికొడుకు!" అంది. బస్సంతా నవ్వింది. రాజన్న నవ్వలేదు.

"మా పిల్లకు ముహూర్తమే పెట్టలే. మరి గీ పెండ్లి ఎవలతోని?"

పీటర్ కల్పించుకున్నాడు. "అయ్యా, ఇవి చదువు కొరకు."

"కుండలతోని చదువేంది సారూ?" అన్నాడు కండక్టర్. "మా పోరడు పుస్తకాలు కొనిస్తెనే చదువుతలేడు."

మళ్లీ నవ్వులు. ఒక్క మాట చెబితే అయిపోయేది. గంగాధర దాకా ఆ మాటే వెతుక్కున్నాను. రాజన్న లేచి, "మీ బాపుకు చెప్పు. ఇచ్చిన మాట వాపస్ తీసుకుంటున్న," అని దిగిపోయాడు.

బస్సు కదిలింది. కుండలు పీటర్ ఒళ్లో పెట్టి, "ఆపుండ్రి!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. దిగి వెంటపడ్డాను.

"మామా! గా కుండలు జర్మనీ పిల్లగానియి. ఆయన చదువుకే గావాలె, ఒట్టు. నాకు పెండ్లంటు అయితె మీ బిడ్డతోనే అయితది. లేకుంటె కాదు."

కిటికీల నిండా తలలు. రాజన్న నన్ను పైకీ కిందికీ చూశాడు.

"గిన్ని మాటలున్నయా నీ నోట్ల? గవేవో బస్సులనే అంటె ఏంబోయింది? నడువు, బువ్వ తిని పోదువు."

బస్సు పీటర్‌తో, కుండలతో వెళ్లిపోయింది. నాలుగింటి హైదరాబాద్ బస్సు అందిందట; సారు రాశాడు. ఒక కుండ అంచు పగిలింది. కరీంనగర్ దాకా ఎక్కినవాళ్లంతా అతన్నే పెండ్లికొడుకనుకుని దీవించారట. వద్దని చెప్పడం మానేసి నమస్కారం పెట్టాడట.

అతను పరాయి దేశంలో, అరకొర భాషతో, అడిగిన ప్రతివాడికీ జవాబు చెప్పాడు. నేను పుట్టిన జిల్లాలో, నా సొంత భాషలో, ఒక్క మాట చెప్పడానికి పది మైళ్లు పట్టింది. అందుకు నాకు కోపమొచ్చింది, అతని మీద కాదు, లచ్చవ్వ మీద కాదు, నా మీదే. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మీరు వెళ్తే పొద్దున మొదటి బస్సు పట్టుకోండి, పసుపు కుంకుమ వెంట తీసుకుపోండి, గంట కలిసొస్తుంది. కుండలు గోనెసంచిలో కట్టించుకోండి. ఆ ఎర్ర గీతలు బయటికి కనబడితే మాత్రం ప్రతి స్టేజీలోనూ జవాబు చెప్పుకోవాలి.